పాలపిట్ట సొంత గొంతు

ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారుగా, ఏం చూశారో నిజం చెప్పండి! నోరు మెదపరేం? సరే, నేనే చెబుతాను.

అడవి సినిమాలన్నిటికీ పాలపిట్టే హీరో. నీలి రెక్కలు విప్పి ముక్కు ఆడించేవాడు. పొదచాటున కూర్చుని పికిలిపిట్ట పాడేది. ఈసారి వచ్చింది పాటగాడి వేషం.

"నువ్వే పాడాలి. జనం గోల చేశారంటే వేషం చిలక్కి ఇచ్చేస్తా" అంది సినిమా తీసే కోతి.

పాలపిట్ట వెళ్లి పాట నేర్పమని పికిలిపిట్ట కాళ్ల మీద పడ్డాడు.

"గొంతులో ముల్లేమైనా ఇరుక్కుందా తమ్ముడూ?" అందామె మొదటి కూత విని.

"నా గొంతే అంత అక్కా."

"అయితే దాన్నే సాన పడదాం."

ఎండాకాలమంతా సాధన చేశాడు. బొంగురు తగ్గలేదు గానీ శ్రుతి కుదిరింది. షూటింగ్ నాడు అడవంతా చూస్తుండగా ప్రాణం పెట్టి పాడాడు.

"దొంగ గొంతు!" అని అరిచింది కుందేలు. "మా హీరో గొంతు మాకు తెలీదూ? ఎవడో పొదలో కూర్చుని పాడుతున్నాడు!"

"నేనే పాడాను తల్లీ!" అని పాలపిట్ట గిలగిల్లాడిపోయాడు.

పికిలిపిట్ట ఆగలేక బయటికొచ్చింది. "ఇన్నాళ్లూ మీరు విన్న గొంతు నాదిరా సన్నాసుల్లారా!" అంటూ పాత పాటొకటి ఎత్తుకుంది.

జనం పడీపడీ నవ్వారు. "ఈ పిట్టెవరో మా హీరోని భలే అనుకరిస్తోందే!"

కోతి ఆ పాటగాడి వేషాన్ని చిలక్కి ఇచ్చేసింది. పికిలిపిట్టను మళ్లీ పొదలోకి తోసింది. చిలక ముక్కు ఆడించగానే కుందేలు కళ్లు తుడుచుకుంది. "సొంత గొంతంటే ఇదీ!"

అడవంతా చప్పట్లు మోగాయి. అందులో మీవి లేవూ?