తోలుగుడ్డు

“ఇదిగో, నీ ముద్దుల కోడి నిర్వాకం చూడు,” అంటూ సిద్దీఖా మొగుడి అరచేతిలో గుడ్డు పెట్టింది.

గోడవైపు తిరిగి పడుకున్న మిత్వల్లీ చేతికి ఏదో మెత్తగా తగిలేసరికి ఇటు తిరిగాడు. గుడ్డుకి పెంకు లేదు. ఉత్త తోలు, లోపల కదులుతున్న పచ్చసొన. అలవాటు కొద్దీ కన్ను మూసి దాన్ని రెప్పకు ఆనించుకున్నాడు. మీసం మొలవక ముందు నుంచీ ఈజిప్టు ఫయ్యూమ్‌లోని మట్టి పొదుగుగదుల్లో గుడ్లకి వేడి పెట్టి కోడిపిల్లల్ని తీయించిన మనిషి. గుడ్డు వెచ్చదనం ఎంతుందో అక్కడి వాళ్ళకి కనురెప్పే చెబుతుంది.

“చల్లగా ఉందేంటి?”

“మెట్లు దిగి వచ్చేసరికి చల్లారదా? చంకలో పెట్టుకుని తేవాలా ఏంటి?”

రంజాన్‌కి ముందు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడాయన. ఎముక ఎప్పుడో అతుక్కుంది. డాక్టరు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు. అయినా మళ్ళీ పడతానన్న భయంతో మంచం దిగడు. నాలుగడుగులు వేయాలన్నా పెళ్ళాం భుజం కావాలి. చలికాలం వచ్చేలోపు నడవకపోతే ఆ కాళ్ళు ఇక పనికిరావని డాక్టరు గడప దగ్గర సిద్దీఖాకి విడిగా చెప్పి వెళ్ళాడు. ఆమె బతిమాలింది, ఏడ్చింది, కొడుకు షౌకీ చేత తిట్టించింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

అది చాలదన్నట్టు ఇప్పుడీ కోడి గొడవ. మేడ మీది కోళ్ళలో ఆ చుక్కల పెట్ట అంటే మిత్వల్లీకి ప్రాణం. ఆయన చేతి మీదుగా పొదిగిన ఆఖరి విడతలోది. ఆ తర్వాత పొదుగుగదులకి యజమాని తాళం వేసేశాడు.

“తోలుగుడ్లు పెట్టే కోడి ఇంటికి అరిష్టం. శుక్రవారం కోసేస్తా. ములూఖియా ఆకుకూరలోకి మంచి పులుసు వస్తుంది,” అంది సిద్దీఖా.

“అరిష్టం నీ మొహం. ఒంట్లో సున్నం చాలక అట్లా పెడతాయి. గుడ్డుపెంకులు దంచి నూకల్లో కలిపి పెట్టు.”

పెట్టానంది. మర్నాడూ తోలుగుడ్డే తెచ్చింది. పక్కింటి జలీలా కళ్ళే పడ్డాయని మేడ మీద పటిక కాల్చి దిష్టి తీసింది. లాభం లేకపోయింది. గుడ్డు లోపల ఇరుక్కుందేమో, తోక కింద పొట్ట గట్టిగా ఉందో మెత్తగా ఉందో తడిమి చూసి రమ్మన్నాడు మిత్వల్లీ. ఆమె వెళ్ళి వచ్చి, గట్టిగానూ ఉంది, మెత్తగానూ ఉంది అని చెప్పింది.

ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

“నీ చేతికి రాయికీ గుడ్డుకీ తేడా తెలుస్తుందా? ఆ కర్ర ఇటు తే.”

ఆ రోజు మెట్ల మీద కూచుని, ఒక్కో మెట్టూ జరుగుతూ, పెళ్ళాన్నీ మేడ కట్టిన మేస్త్రీనీ కలిపి తిడుతూ పైకి చేరాడు. సిద్దీఖా వెనకాలే చేతులు చాచి ఎక్కింది. పడితే లేపే ఓపిక తనకి లేదని దారి పొడుగునా సణుగుతూనే ఉంది.

కోడిని ఒళ్ళో పెట్టుకుని తడిమి చూశాడు. తల మీది తురాయి ఎర్రగా నిగనిగలాడుతోంది. పొట్ట మెత్తగా ఉంది. ఇరుక్కున్నదేమీ లేదు. ఆయన చూడని వింత గుడ్డు లేదు. పచ్చసొన లేకుండా గోళీకాయంత పెడితే జనం పుంజుగుడ్డు అంటారు, అది చూశాడు. గుడ్డులో గుడ్డు చూశాడు, ముడతలు పడ్డది, నెత్తురు చారలది చూశాడు. అన్నిటికీ ఏదో ఒక కారణం దొరికేది. దీనికి దొరకలేదు. పైగా ఈ తోలుగుడ్డు మామూలు దానికన్నా ఉబ్బి ఉంటోంది. ఇదేం రోగమో అర్థంకాక ఆయనకి తిండి సయించలేదు.

ఆ పట్టుదలతోనే రోజూ ఎక్కడం మొదలుపెట్టాడు. గుడ్డు మాత్రం తెల్లవారుతూనే సిద్దీఖాయే తీసి తెచ్చేది. కోడిని గోరువెచ్చటి నీళ్ళలో కూచోబెట్టాడు. పుంజుకి దూరంగా కట్టాడు. ఎండ తగలకుండా గోనెపట్టా కట్టాడు. మొదట్లో దేకుతూ ఎక్కినవాడు, కొన్నాళ్ళకి గోడ పట్టుకుని ఎక్కాడు, ఆ తర్వాత కర్ర భుజాన వేసుకుని మేత గిన్నె చేత్తో పట్టుకుని ఎక్కాడు. పక్క మేడ మీంచి జలీలా చూసి, హాజీ పెళ్ళికొడుకులా నడుస్తున్నాడే అంది. నడవడమెక్కడమ్మా, ఈ కోడి కోసం చస్తున్నా అన్నాడాయన.

గురువారం వచ్చిందంటే సిద్దీఖా కత్తి నూరడానికి కూచునేది. ఇంకొక్క వారం ఆగమని ఆయన గడ్డం పట్టుకునేవాడు. ఆమె గొణుగుతూ కత్తి పక్కన పెట్టేది.

గాలిలో చలి మొదలైంది. ఒక సాయంత్రం మిత్వల్లీ మేడ దిగి మంచం మీద కూలబడి, కొడుకు పేరుతో పెళ్ళాన్ని పిలిచాడు.

“ఉమ్ షౌకీ, ఇక నా వల్ల కాదు. మోకాళ్ళు పీకేస్తున్నాయి. రేపూ తోలుగుడ్డే అయితే ఇంకో మందు చూస్తా. మంచి గుడ్డు పెట్టిందా, అల్లా మీద ఒట్టు, మళ్ళీ ఆ మెట్ల ముఖం చూడను. హాయిగా పడుకుంటా.”

“పడుకో, ఎవరొద్దన్నారు,” అంది సిద్దీఖా.

తెల్లవారుతూనే ఆయన లేవకముందే ఆమె మేడెక్కింది. చుక్కల పెట్ట పగిలిన కుండలోంచి లేచి అరుచుకుంటూ అవతలికి పోయింది. గడ్డిలో చెయ్యి పెట్టి గుడ్డు బయటికి తీసింది. వెచ్చగా, గట్టి పెంకుతో, ఎక్కడా చిన్న ముడత కూడా లేకుండా ఉంది. జేబులో వేసుకుని చప్పుడు కాకుండా దిగి, వంటింటి తలుపు దగ్గరగా మూసింది.

పెంకు కరిగేందుకు దాన్ని ఎప్పటిలాగే వెనిగర్ గిన్నెలో వేసింది.