సగంలో ఆగిన మాట

బాలనర్సింహ దస్తీ ముడి విప్పి, అందులోని పచ్చటి పట్టీని కౌంటర్ మీద పెట్టాడు. రెండు వేళ్ల వెడల్పు, జానెడుకు తక్కువ పొడుగు.

“గిసొంటిదే ఇంకోటి గావాలె సార్.”

హేమచంద్ర కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర కంప్యూటర్ల దుకాణం పెట్టుకున్న మనిషి.

“ఇది ర్యామ్ కదండీ. ఉన్నదాన్నే పీక్కొచ్చేశారా? ఇది లేకపోతే మీ కంప్యూటర్ అసలు లేవదు.”

“బోరు మోటరుల ఏదన్న పోతె పాతది జేబులేసుకొనే పోతం గద సార్. నోటితోని చెప్తె దుకాణపోళ్లు ఏదో ఒకటి అంటగడ్తరు.”

హేమచంద్ర నవ్వాడు. “ఇంతకీ జబ్బేమిటి?”

“మా ఇంటామె దాంట్ల ముచ్చట పెడ్తది. పెట్టంగ పెట్టంగనే ఆగుతది. మొన్నయితె మాట సగంలనే ఆగింది.”

“స్క్రీన్ మీద ఏమైనా రాసి వచ్చిందా?”

“ఏమో. ఆమె ముచ్చట పెట్టంగ నేను ఆ అర్రలకు పోను.”

పక్కన స్టూలు మీద అమరేందర్ కూర్చుని ఉన్నాడు. భూముల మధ్యవర్తి. ప్లాట్ల నక్షాలు ప్రింటు తీయించుకుంటున్నాడు. ఔటర్ రింగు రోడ్డు మాట పుట్టినప్పటి నుంచి అతనికి కాలు నిలవడం లేదు. యాచారం దగ్గర బాలనర్సింహ భార్య భూలక్ష్మికి తల్లిగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెలక భూమిని పోయినేడు అమ్మించింది అతనే.

బాలనర్సింహ భార్యను అడగకుండానే బయానా పైసలు పుచ్చుకున్నాడు. నలుగురిలో మొగుడి మాట పోగొట్టలేక భూలక్ష్మి సంతకం పెట్టింది. ఆ రోజుతో అతనితో మాట్లాడడం మానేసింది. తిట్టలేదు, ఏడవలేదు, తల్లిగారింటికి పోలేదు. వేళకు కంచం, వేళకు చాయ్. మాట ఒక్కటే లేదు. పిల్లలు లేని ఇల్లు. గోడ మీద బల్లి అరిచినా ఎవరో పిలిచినట్టు అతను తల తిప్పేవాడు.

భూమి పైసల్లోంచే కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. ఆమె దాన్ని కన్నెత్తి చూడలేదు. పక్కింటి హర్షిత వచ్చి నేర్పాక మాత్రం వదల్లేదు. మీర్‌పేట్‌లో మనోజ్ఞ అనే టీచరమ్మ నెట్‌లో దోస్తు అయింది. రోజూ పొద్దుగూకే వేళ తలుపు దగ్గరేసుకుని ఆమెతో రాతల్లో ముచ్చట. భూలక్ష్మత్త అప్పుడప్పుడూ నవ్వుతుందని కూడా హర్షితే చెప్పింది.

అమరేందర్ ఊరుకోలేదు.

“ఏం నర్సింహన్నా, పెండ్లాం ఎవలతోనో ముచ్చట పెడ్తె నువ్వు మిషన్‌కు బలం మందు తాపుతున్నవా? ఆడపేరు ఎనక మొగోడే ఉంటడు. నా మాట యాది పెట్టుకో.”

“ఉండనీ. ముచ్చటయితె పెడ్తున్నది గద.”

“జరంతన్న రోషం లేదే నీకు!”

“ఉండె. భూమితోని అదిగూడ పాయె. బేరం జేసింది నువ్వే గద.”

అమరేందర్ నక్షాలు చుట్టుకుని, ఎవరికో ఫోను కలుపుతూ బయటికి నడిచాడు.

హేమచంద్ర ఒక పట్టీని పక్కన పెట్టి చూపించాడు. “ఇది కొత్త రకమండీ. గాటు ఎక్కడుందో చూశారా? మీదానికి అక్కడ లేదు. బలవంతంగా నొక్కితే బోర్డు పోతుంది.”

మరొకటి తీశాడు. “దీనికి గాటు కుదురుతుంది. కానీ ఇది నెమ్మది రకం. దీని పక్కన పెడితే మీది కూడా దీని నడకే నడుస్తుంది.”

“జోడెడ్ల లెక్క. ఒకటి కుంటితె రెండోది గూడ గట్లనే నడవాలె.”

“సరిగ్గా చెప్పారు.”

శేరిగూడలో ఏదో కాలేజీవాళ్లు తీసేసిన పాత మిషన్ల విడిభాగాలు ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. హేమచంద్ర చాలాసేపు వెతికాడు. ఒక్కోదాని మీది చిన్న అక్షరాలు చదివి పక్కన పడేశాడు. చివరికి ఒకటి దొరికింది. రెండింటినీ వీపుకు వీపు ఆనించి పట్టుకున్నాడు. గాటు మీద గాటు పడింది.

“ఇదీ మీ జోడీ.”

“ఇంక మాట తెగదు గద సార్?”

“తెగదండీ.”

బాలనర్సింహ రెండింటినీ దస్తీలో మూట కట్టుకున్నాడు. ధర చెప్పింది చెప్పినట్టే ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చేసరికి భూలక్ష్మి ఇంకా మహిళా సంఘం మీటింగు నుంచి రాలేదు. బయట చెప్పులు విడిచి, దొంగలాగా కంప్యూటర్ ఉన్న అర్రలోకి పోయాడు. డబ్బా మూత తీసి, హేమచంద్ర చెప్పినట్టే గాటు చూసి, రెండు చివర్లా ‘టక్’మనేదాకా నొక్కాడు. లోపలి దుమ్ము కూడా దస్తీతో తుడిచాడు.

భూలక్ష్మి వచ్చి చాయ్ పెట్టింది. గ్లాసు అతని ముందు ఉంచింది. తల ఎత్తలేదు.

“మిషన్ బాగయింది. ఇంక ఆగదు,” అన్నాడు.

ఆమె ఒక్క క్షణం నిలబడింది. ఏదో అంటుందనిపించింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని అర్రలోకి వెళ్లింది. తలుపు దగ్గరపడింది. లోపల కంప్యూటర్ గుయ్‌మని లేచింది.

చాయ్ సగంలో వదిలి, బాలనర్సింహ చెప్పులేసుకున్నాడు. చీకటి పడక ముందే బస్టాండు వెనక నెట్ సెంటర్ చేరుకున్నాడు. గోడ పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

అందులో కూర్చుని, ఎప్పటిలా మీర్‌పేట్ మనోజ్ఞ టీచరు పేరుతోనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: “అక్కా, మొన్న ‘మా ఇంటాయన’ అని ఆగిపోతివి, మిగిలిన మాట ఏంది?”