మూడో ప్లేటు

ఆ ఇద్దరి దగ్గరకు మూడో మనిషి వచ్చి నోరు విప్పితే చాలు, ఎర్లీన్ హోబర్ట్ కుర్చీకి ఇక ఢోకా ఉండదు. అందుకే ఆవిడ తలకు స్కార్ఫ్ చుట్టుకుని, రోసీ డైనర్‌లో స్తంభం చాటు బల్ల దగ్గర నక్కి కూర్చుంది.

ఆకలి దంచేస్తోంది. అయినా నోరు తెరిచి టోస్టు అడిగే వీల్లేదు. నల్లగా మాడ్చి, వెన్న విడిగా పెట్టిన టోస్టు తినేది ఆ ఊరు మొత్తంలో ఆవిడ ఒక్కతే. అడిగిందంటే వడ్డించే పిల్ల వంటగదిలోకి ‘ఎర్లీన్ గారి టోస్టు!’ అని కేకేస్తుంది. గుట్టు రట్టయిపోతుంది. ఉత్త కాఫీతో సరిపెట్టుకుంది.

అవతలి బల్ల దగ్గర రాయ్ పచెకో, లూపే సోలిస్ ఉన్నారు. రాయ్‌కి పాడి ఉంది. లూపే నర్సుగా చేసి రిటైరైంది. ఇద్దరూ ఎర్లీన్‌లాగే కమ్యూనిటీ కాలేజీ జిల్లా బోర్డులో ట్రస్టీలు; ఆ బోర్డు అధ్యక్షురాలు ఎర్లీనే. ఇద్దరికీ ఎర్లీన్ పొడ గిట్టదు.

బోర్డులో ఉండేది అయిదుగురు. బయట ఎక్కడైనా ఇద్దరు కూర్చుని కాలేజీ సంగతులు మాట్లాడుకుంటే తప్పులేదు. మూడోవారు మాట కలిపారా, అది బోర్డు సమావేశం కిందే లెక్క. ముందుగా నోటీసు అంటించి, జనాన్ని రానిచ్చి జరపాలి. లేకపోతే చట్టవిరుద్ధం.

చట్టం అక్కడితో ఆగింది గానీ ఎర్లీన్ ఆగలేదు. పోయిన నెలే ఇంకో నిబంధన పెట్టించింది. అలా మూడోవారుగా వెళ్ళి మాట కలిపినవాళ్ళు ఆ ఏడు అధ్యక్ష ఎన్నికలో నిలబడకూడదు, ఓటు వెయ్యకూడదు.

“అదేం న్యాయం? తప్పు ముగ్గురిదీ కదా?” అన్నాడు రాయ్ ఆ రోజు.

“ఇద్దరు మాట్లాడుకోవడం తప్పు కాదయ్యా. మూడోవాడు వచ్చాకే అది తప్పవుతుంది. కాబట్టి శిక్ష వాడికే,” అని సుత్తి బల్లమీద గట్టిగా కొట్టింది ఎర్లీన్.

ఆ నిబంధన అచ్చంగా నీల్సన్ కొలతలు తీసుకుని కుట్టించింది. టైర్ల దుకాణం నీల్సన్ కూడా ట్రస్టీయే; ఎవరి బల్ల దగ్గరైనా కుర్చీ లాక్కుని కూర్చునే రకం. గురువారం అధ్యక్ష ఎన్నిక. చెరో వైపు ఇద్దరు తేలిపోగా మిగిలింది అతని ఓటే. అతను రాయ్, లూపేల వైపు మొగ్గుతున్నాడని ఊరంతా గుసగుసలు. అతని ఓటు లేకుండా ఓట్లు సమానమైతే పాత అధ్యక్షురాలే కొనసాగుతుంది. ఏళ్ళ తరబడి కూర్చున్న కుర్చీ పోతుందేమోనని ఎర్లీన్‌కు నిద్ర పట్టడం లేదు.

నిన్న పార్కింగ్ దగ్గర లూపే ఫోన్లో మాట్లాడటం చెవిన పడింది. లూపే గొంతు ఆసుపత్రి వరండా అంతా వినిపించే గొంతు. “రేపు మధ్యాహ్నం రోసీ దగ్గర. మూడో మనిషి రాకుండా ఉండరులే!”

ఎర్లీన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఊరి పత్రికలో రాసే గ్వెన్‌కు ఫోన్ చేసి, సాక్షిగా ఉండాలి, కెమెరా తెచ్చుకో అని చెప్పింది. గ్వెన్ ఇప్పుడు కౌంటర్ దగ్గర సూప్ తాగుతోంది.

రాయ్ బల్లమీద ప్లేట్లు మూడున్నాయి. మూడోది ఖాళీ కుర్చీ ముందు, మూత బోర్లించి ఉంది. అది చూసి ఎర్లీన్ కడుపు నిండిపోయింది.

“ఇంతకీ ఆ గడియారం స్తంభం సంగతేం చేద్దాం?” అన్నాడు రాయ్.

ఎర్లీన్ చెవులు రిక్కించింది. కాలేజీ ఆవరణలో ఆ స్తంభం ఆవిడ పట్టుబట్టి కట్టించింది. అడుగున రాతిమీద ఆవిడ పేరే ఉంది.

“కూల్చేద్దాం. టైము ఎప్పుడూ తప్పే చూపిస్తుంది. పిల్లలు దాన్ని నమ్మి పరీక్షలకు లేటవుతున్నారు. ఆ చోట నర్సింగ్ ల్యాబ్ కట్టొచ్చు,” అంది లూపే.

ఎర్లీన్ పళ్ళు కొరికింది. కాసేపు ఓర్చుకోవాలి. నీల్సన్ వచ్చేదాకా.

“ఆ పేరు చెక్కిన రాయి ఏం చేద్దాం?”

“మీ పశువులకు ఉప్పు పెట్టుకోవడానికి పనికొస్తుందేమో చూడు.”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఎర్లీన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. స్కార్ఫ్ లాగి పారేసి, విసవిసా వెళ్ళి ఆ ఖాళీ కుర్చీ పట్టుకుని నిలబడింది.

“నా స్తంభం మీద చెయ్యి వేస్తే ఊరుకోను! దమ్ముంటే గురువారం ఓటుకు పెట్టండి. నేనూ చూస్తా, నర్సింగ్ ల్యాబ్ ఎలా వస్తుందో!”

కెమెరా క్లిక్కుమంది. గ్వెన్ దగ్గరకు వచ్చింది.

“చూశావుగా గ్వెన్! కాలేజీ వ్యవహారాలు ఇలా చాటుగా తేల్చేస్తున్నారు. రాసుకో!”

“రాసుకున్నానండీ. స్తంభం, ల్యాబ్, ఓటు… అన్నీ,” అంది గ్వెన్. “కానీ మూడో మనిషి ఉంటేనే కదా వార్త. ఎవరండీ?”

“నీల్సన్! దారిలో ఉంటాడు. కాకపోతే ఈ ప్లేటు ఎవరికి తెప్పించినట్టు?”

“నీల్సన్ కూతురింటికి వెళ్ళాడు. బుధవారం రాత్రికి గానీ రాడు,” అన్నాడు రాయ్, కాఫీలో పంచదార కలుపుకుంటూ.

“మరి ఇది…”

“కూర్చో ఎర్లీన్, చల్లారిపోతోంది,” అంటూ లూపే మూత తీసి ప్లేటును ఆవిడ ముందుకు జరిపింది: నల్లగా మాడిన టోస్టు, పక్కన విడిగా వెన్న.