మూడింటి నిశ్శబ్దం

"గుండెల నిండా ఊపిరి పీల్చండి" అంది సెల్‌ఫోన్‌లోని గొంతు.

పన్నెండు మందీ పీల్చారు.

వదిలేలోపే పన్నెండు బల్లల మీదా ఫోన్లు మోగాయి.

అది ఒక పార్సిళ్ల కంపెనీలో ఫిర్యాదుల విభాగం. పార్సిల్ రాలేదని కొందరు, వచ్చింది గానీ పగిలిందని కొందరు రోజంతా తిడుతూనే ఉంటారు. సూపర్‌వైజరమ్మకైతే ఆరు నెలలుగా కంటిమీద కునుకు లేదు. అందుకే పైవాళ్ళు అందరి చేతా ధ్యానం యాప్ వేయించి, రోజూ మూడింటికి పావుగంట కళ్ళు మూసుకోమన్నారు.

మొదటిరోజే అది నీరుగారిపోయింది.

రెండోరోజు పొద్దున మూడు నెలల ఒప్పందం మీద ఒకాయన చేరాడు. నలభై దాటిన మనిషి, మాట మెత్తన. మూలన అద్దాల గదిలో, ప్రింటర్ పక్కన బల్ల ఇచ్చారు. పేరు అడిగారు గానీ ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. 'కొత్తాయన' అన్నారు, అదే నిలిచిపోయింది.

ఆ మధ్యాహ్నం మూడింటికి వింత జరిగింది.

ఒక్క ఫోనూ మోగలేదు.

మర్నాడూ మోగలేదు. ఆ మర్నాడూ అంతే.

"మన ప్రశాంతత తిట్టేవాళ్ళకీ అంటుకుంది మేడమ్" అన్నాడు జోకులరాయుడని పేరుపడ్డ సీనియర్.

నవ్వులాటకి అన్నదే. వారం తిరిగేసరికి అందరూ నమ్మేశారు. అందరికంటే ఎక్కువ నమ్మింది సూపర్‌వైజరమ్మ.

నమ్మదా మరి? ఆమె ఏకబిగిన ఏడు గంటలు నిద్రపోయింది. యాప్‌లో పచ్చ చందమామ వచ్చింది. దాన్ని ఇంట్లో చూపించింది, లిఫ్టులో చూపించింది, ఆఖరికి అద్దె అడగడానికొచ్చిన ఇంటాయనకీ చూపించింది.

"అమ్మా, ఈమధ్య అరవట్లేదేంటి? ఒంట్లో బానే ఉందా?" అని కూతురు నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

అంతలో పోటీ ప్రకటించారు. ఏ శాఖ ఎక్కువ ప్రశాంతంగా ఉంటే ఆ శాఖకి కప్పు. ఇక చూడాలి ఆ గదిలో సందడి. మూడెప్పుడవుతుందా అని రెండున్నర నుంచే గడియారం వైపు చూపులు. ప్రశాంతత కోసం అంతగా కంగారుపడ్డవాళ్ళు ఎక్కడా ఉండరు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కొత్తాయనకు మాత్రం యాప్‌లో రోజూ సున్నా మార్కులే.

"మీరెందుకు చెయ్యరండీ?" అని సూపర్‌వైజరమ్మ అడిగింది.

"అందరూ కళ్ళు మూసుకుంటే ఎలా మేడమ్? ఒకరైనా తెరిచి ఉండాలి కదా."

ఇదేం తిక్క సమాధానం అనుకుంది.

ఒకరోజు ధ్యానం మధ్యలో ఒంటికన్ను తెరిచింది. అద్దం వెనకాల కొత్తాయన పెదాలు కదులుతున్నాయి. చెవికి హెడ్‌సెట్, ముఖాన నవ్వు. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఆ పావుగంటైనా ఇంటి కబుర్లు ఆపలేరా?"

కొత్తాయన గోరువెచ్చని నీళ్ళు ఒక గుక్క తాగాడు. ఆయన గొంతు ఎప్పుడూ బొంగురే.

"ఇంకాస్త మెల్లగా మాట్లాడతాను మేడమ్."

సాయంత్రం ఆరింటికి అందరూ లేచినా ఆయన లేచేవాడు కాదు. 'పని నెమ్మది' అని ఆమె కాగితం మీద రాసుకుంది.

మూడు నెలలు నిండొచ్చాయి. పై ఆఫీసు నుంచి ఫోను.

"మీరే మొదటి స్థానంలో ఉండాలమ్మా. ఎవరిదో ఒక సున్నా కిందికి లాగుతోంది."

కొత్తాయన ఒప్పందం పొడిగించే కాగితం ఆమె బల్ల మీదే ఉంది. సంతకం పెడితే ఆయనకు ఉద్యోగం, పెట్టకపోతే శాఖకు కప్పు. 'పొడిగించనక్కర్లేదు' అని రాసింది.

శుక్రవారం సాయంత్రం ఆయన ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, సోమవారం నుంచి మూడింటికి..."

ఆమె పై ఆఫీసుతో ఉత్సాహంగా మాట్లాడుతోంది. ఒక్క నిమిషం ఆగమని చెయ్యి చూపించింది. ఆయన పది నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత హెడ్‌సెట్‌ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సోమవారం కప్పు వచ్చింది. కేకు కోశారు, ఫొటోలు దిగారు. మూడయింది. అంతా గర్వంగా కళ్ళు మూసుకున్నారు.

"గుండెల నిండా ఊపిరి పీల్చండి" అంది గొంతు.

పన్నెండు ఫోన్లూ మోగాయి.

ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒక్కసారే. సూపర్‌వైజరమ్మ ఒక చెవిలో ధ్యానం ఇయర్‌ఫోన్ అలాగే ఉంచుకుని, టెలిఫోన్ లైన్లు చూసే అమ్మాయి దగ్గరికి పరుగెత్తింది.

"ఇవాళ ఏమైందమ్మా ఈ ఫోన్లకి?"

"ఏమీ కాలేదు మేడమ్. ప్రింటర్ పక్కన కూర్చునే ఆయన రోజూ మూడింటికి లైన్లన్నీ తన బల్లకి తిప్పుకునేవారు. మీరే చెప్పారనుకున్నాం. ఆయన వెళ్ళిపోయారుగా, ఇంక తిప్పేదెవరు?"

తెర మీద జాబితా చూపించింది. మూడు దాటి రెండు నిమిషాలకి ఒకరు. నాలుగు నిమిషాలకి ఇంకొకరు. అందుకోలేకపోయిన వాళ్ళందరికీ ఆరు దాటాక ఆయన తిరిగి చేసిన ఫోన్లు. మూడు నెలల్లో ఒక్కరోజూ తప్పలేదు.

సూపర్‌వైజరమ్మ ఆ జాబితాను చివరిదాకా చదివింది. వెనకాల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

"ఈ ప్రశాంతతను మీకిచ్చిన వారికి మనసులో కృతజ్ఞత చెప్పుకోండి" అని రోజూ చివర్లో చెప్పే మాటే చెవిలోని గొంతు మళ్ళీ చెబుతుంటే, అది ఎవరికి చెప్పాలో ఆమెకు మొదటిసారి తెలిసింది గానీ, ఎంత తలచుకున్నా ఆయన పేరు గుర్తురాలేదు.