లూదియమ్మ గంట

"ఏయ్, ఆడనే నిలబడప్పా! లోపలికి రావద్దు!"

ఆళ్లగడ్డ చర్చి గేటు దగ్గర గరిటె చేత్తో పట్టుకుని కేకేశాడు జయప్రకాష్.

కరోనా రెండోసారి వచ్చి ఊరంతా తలుపులు బిగించుకున్న రోజులవి. కూలి పనుల్లేవు. చర్చి ఆవరణలో సంఘమంతా కలిసి పొయ్యి పెట్టింది. కులం, మతం అడక్కుండా వచ్చినవాళ్లందరికీ చిత్రాన్నం పొట్లం. వంట పెత్తనం సంఘపెద్ద జయప్రకాష్‌ది. గుడిగంట కొట్టేదీ అతనే.

వచ్చిన మనిషి వరుసలో నిలబడలేదు. యాభై దాటినవాడు. మాసిన పంచె, పెరిగిన గడ్డం. గేటు కమ్మీ పట్టుకుని తూలుతున్నాడు.

"తాగినట్టుండాడు," అంది పొట్లాలు కడుతున్న జానకమ్మ.

"యాడ నుంచి వస్తాండావ్?" అడిగాడు జయప్రకాష్.

"నంద్యాల పెద్దాసుపత్రి నుంచప్పా."

ఆసుపత్రి మాట వినగానే వరుసంతా వెనక్కి జరిగింది.

"నేను అన్నానికి రాలేదు," అన్నాడు ఆయన. "మీ సంఘం ముసలామె ఒకామె ఆడ పోయింది. గుడిలో గంట కొట్టించమని మాట తీసుకుంది."

జయప్రకాష్ ఎత్తిన గరిటె దించాడు.

ఆ సంఘంలో ఎవరు పోయినా గంట మోగాలి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఆగుతూ, నిదానంగా. అది విని చేలల్లో ఉన్నవాళ్లు పని ఆపి, తలగుడ్డ తీసి, ఎవరో ప్రభువు పిలుపు అందుకున్నారని నిలబడిపోతారు.

"నా గంట కూడా నువ్వే కొట్టాల నాయనా. వేరేవాళ్లయితే తొందరపడతారు," అంటుండేది అతని తల్లి లూదియమ్మ. ఆమెకు అతనొక్కడే బిడ్డ.

ఆ లూదియమ్మే కొన్ని రోజుల కిందట నంద్యాల ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ సంగతి ఆసుపత్రివాళ్లు ఫోన్లో చెబితే, "నేను రాలేను సార్, మీరే కానిచ్చేయండి," అన్నాడు కొడుకు. భయపడ్డాడు. అంతకు మించి కారణం లేదు.

ఊళ్లో మాత్రం, "అమ్మకు బీపీ ఎక్కువైంది, కోలుకుంటాంది," అని చెప్పుకొస్తున్నాడు. నిజం తెలిస్తే తన చేతి అన్నం ఎవరూ ముట్టరని, వంట ఆగిపోతుందని, ఇంతమంది పస్తులుంటారని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సాకు మంచిదైతే మనిషికి నిద్ర కూడా బాగానే పడుతుంది.

"మా సంఘంలో ఎవురూ పోలేదు," అన్నాడు గట్టిగా.

"ఆళ్లగడ్డ గుడి అనే చెప్పిందప్పా. ఆమె పేరు..."

"ఏ పేరూ వద్దు! పొద్దున్నే తాగొచ్చి చావు మాటలు చెప్తాండావా? బేగా పో ఈడి నుంచి!"

ఆయన జయప్రకాష్ మొహంలోకి తేరిపార చూశాడు. జయప్రకాష్‌ది అచ్చం తల్లి ముక్కేనని అందరూ అంటారు. అతను గబుక్కున మాస్కు పైకి లాక్కున్నాడు.

"సరేప్పా, పోతాండా. గంట మాత్రం మర్చిపోవద్దు," అని ఆయన కమ్మీ వదిలి, నెమ్మదిగా రోడ్డెక్కాడు.

"పాపం, ఒక పొట్లమన్నా ఇయ్యకపోతివి," అంది జానకమ్మ.

జయప్రకాష్ బ్లీచింగ్ పౌడర్ డబ్బా తెచ్చి, ఆయన నిలబడ్డ చోటంతా తెల్లగా చల్లాడు.

చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది.

"జయప్రకాష్ అన్నా, నేను నంద్యాల ఆసుపత్రి నర్సు హేమలతను. మీ అన్న ఇంటికి చేరినాడా?"

"మా అన్నా?"

"అదేనన్నా, మహానందయ్యన్న. నెగెటివ్ వచ్చిందని పంపించినాం. ఒంట్లో ఓపిక లేదు, నాలుగు దినాలు ఉండి పో అంటే విన్లేదు. అమ్మకు మాటిచ్చినా, ఆళ్లగడ్డకు పోవాల అన్నాడు."

జయప్రకాష్ ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"ఒకే వరండాలో పక్కపక్క మంచాల్లో తల్లీకొడుకులు పడినారని మేమంతా ఎంత బాధపడినామో! తాను దగ్గుతానే అమ్మకు గంజి తాపేవాడు. చర్చికి పోయేవాళ్లకు మహానందయ్య అని శివుని పేరేందని మేం అడిగితే, 'నా పెద్దోడే' అని నవ్వేది అమ్మ. కొడుకు కాబట్టి మట్టి వేసేదానికి మా డాక్టరు పోనిచ్చినాడు. జ్వరంతోనే పీపీఈ కిట్టు తొడుక్కుని పోయి, మూడు పిడికిళ్లు వేసొచ్చినాడన్నా. చేరినాడా లేదా, చెప్పన్నా?"

జయప్రకాష్ చెవి దగ్గరున్న ఫోన్ అలాగే పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు.

రోడ్డు ఖాళీగా ఉంది.

"ఆ గడ్డపాయననా? సంజామల దిక్కు పోయే లారీ ఎక్కించినా. ఆడ ఇల్లుందంట," అన్నాడు బారికేడ్ల దగ్గరి పోలీసాయన.

జయప్రకాష్ వెనక్కి వచ్చాడు. గేటు ముందు బ్లీచింగ్ తెల్లగా పరుచుకుని ఉంది. దాన్ని తొక్కే మొహం లేక, పక్క నుంచి ఒదిగి లోపలికి వెళ్లాడు.

తాడు పట్టుకున్నాడు.

గంట మోగింది. ఒక దెబ్బ. ఊపిరి పీల్చుకునేంత విరామం. మళ్లీ ఒక దెబ్బ.

వరుసలో ఉన్నవాళ్లు తలగుడ్డలు తీశారు. జానకమ్మ పొట్లాలు వదిలేసి వచ్చింది.

"ఎవురికి నాయనా?"

"మా అమ్మకు."

జానకమ్మ గేటు ముందున్న తెల్లటి బ్లీచింగ్ వైపు చూసింది.

"మరి... నువ్వు తరిమేసినాయన ఎవురు?"

జయప్రకాష్ తల ఎత్తలేదు, తాడు వదల్లేదు.

"మా అన్న," అన్నాడు.