గంటసేపు తుమ్మొద్దు

"ఒక్క తుమ్ము. ఈ ఇంట్లో ఎవరు తుమ్మినా సరే, ఈ క్రిస్మస్ చెట్టు వీధిలో ఉంటుంది," అంది తల్లి, మెడలో వేలాడుతున్న స్టాప్‌వాచ్ చేతిలోకి తీసుకుంటూ. ఆవిడ స్కూల్లో ఆటల టీచరు. ఇంటికొచ్చాక కూడా విజిల్ తియ్యదు.

"ఎంతసేపమ్మా?" అంది ఎనిమిదేళ్ల కూతురు. దాన్ని ఇంటిల్లిపాదీ పిడుగు అనే పిలుస్తారు.

"గంట. డాక్టరు గారు గంటసేపు చూడమన్నారు. ఏమీ కాకపోతే పండగ అయ్యేదాకా ఉంచుకుందాం."

పిడుగు గబగబా చెట్టు పక్కన చాప పరుచుకుని బాసింపట్టు వేసుకుని కూచుంది. పోయినేడాది ఇలాంటి చెట్టే ఇంట్లోకొచ్చిన రెండో రోజు ఊపిరాడక ఆసుపత్రి పాలైన పిల్ల అది. అయినా ఏడాది పొడుగునా చెట్టు చెట్టని ఒకటే కలవరింత.

మరి తండ్రి ఊరుకుంటాడా? ఆయనకి కార్లు కడిగే షెడ్డుంది. పొద్దున్నే చెట్టుని తీసుకెళ్లి, కారుని నిలబెట్టే చోట నిలబెట్టి, పైపుతో కొమ్మ కొమ్మా కడిగాడు. షాంపూ కూడా పట్టించబోయి ఎందుకైనా మంచిదని మానేశాడు. గాలి మిషనుతో ఆకు ఆకూ ఆరబెట్టాడు. ఇంటికొచ్చి గాజు బంతుల్ని తడిగుడ్డతో తుడిచాడు, దుమ్ము పట్టిన పాత దూది మంచుని బయట పారేశాడు, వాసన కొవ్వొత్తుల జోలికి పోనేలేదు. చివరికి చెట్టుని చంటిపిల్లలా వాటేసుకుని మూడంతస్తులూ తనే మోసుకొచ్చాడు.

విజిల్ మోగింది.

పది నిమిషాలు. పిడుగు ముక్కు చెక్కుచెదరలేదు. ఇరవై. ఊహూఁ, దగ్గు కూడా లేదు. తండ్రికి కాళ్లు నేల మీద నిలవడం లేదు. కాకపోతే చిన్న చిక్కొచ్చి పడింది. ఆయనకే చేతులు ఒకటే దురద. మెడ దురద. ముక్కులో చీమలు బారులు తీరి నడుస్తున్నాయి.

నాకేంటి, అలర్జీ ఉన్నది పిల్లకి కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆ మాట పూర్తి కాకముందే తుమ్ము తన్నుకొచ్చింది. ఒక్క ఉరుకున బాత్రూంలో దూరి, కుళాయి పూర్తిగా తిప్పి, మొహం తువ్వాల్లో కుక్కుకున్నాడు.

"ఏవండీ, లోపలేం చేస్తున్నారు?"

"కాళ్లు కడుక్కుంటున్నా."

నాలుగు నిమిషాలకి మళ్లీ పరుగు.

"ఇప్పుడేంటి?"

"చేతులు."

మళ్లీ పరుగు.

"ఇప్పుడో?"

"ఇంకో కాలుంది."

"అసలు మీకెన్ని కాళ్లండీ?" అంది ఆవిడ. చూపు మాత్రం పిల్ల మీంచి తిప్పలేదు.

నలభై ఐదు. యాభై. "నాన్నా, పైన నక్షత్రం నా చేత్తో నేనే పెడతా," అంది పిడుగు. "నీ చేత్తోనే పెడుదువు గాని తల్లీ," అన్నాడు తండ్రి, బొంగురుపోయిన గొంతుతో. కళ్లు మండిపోతున్నాయి. అయితేనేం, పిల్ల మొహంలో ఆ వెలుగు చూశాక ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పండగ అయ్యేదాకా ఏదో మాత్ర మింగి నెట్టుకొద్దామని గట్టిగా నిర్ణయించుకున్నాడు. మరోసారి బాత్రూంకి పరిగెత్తి వచ్చాడు.

యాభై ఎనిమిది. ఎప్పుడూ గంభీరంగా ఉండే తల్లి కూడా నవ్వుమొహంతో విజిల్ పెదాల దగ్గర పెట్టుకుంది.

"హా...చ్ఛి."

ఇద్దరూ గిరుక్కున తిరిగారు. పిడుగు ముక్కు రుద్దుకుంటోంది. "నేనేనమ్మా," అంది.

"రెండంటే రెండు నిమిషాలు," అని తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

తల్లి మనసు కూడా ఒప్పలేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, "వీధిలో వద్దులే. బాల్కనీలో పెడదాం. అద్దం తలుపు మూసేస్తే ఇక్కణ్ణించే చూసుకోవచ్చు," అంది.

"లైట్లు కూడానా?"

"లైట్లు కూడా."

పిడుగు ఎగిరి గంతేసింది. చెట్టు మొయ్యడానికి లేవబోయిన తండ్రి చొక్కా పట్టుకుని ఆపేసింది. తల్లి ఒక్కతే చెట్టుని బాల్కనీలోకి ఈడ్చింది. పిల్ల అద్దానికి ముక్కు ఆనించి, నక్షత్రం కాస్త ఎడమకి, కాదు కాదు కుడికి అని సైగలు చేస్తూ వాళ్లమ్మని ముప్పుతిప్పలు పెట్టింది. లైట్లన్నీ ఒక్కసారి వెలిగేసరికి చప్పట్లు కొట్టి గది చుట్టూ పరుగులు తీసింది.

"పాడు తుమ్ము. లేకపోతే నక్షత్రం నీ చేత్తోనే పెట్టేదానివి," అన్నాడు తండ్రి, దాన్ని ఒళ్లోకి లాక్కుని.

పిడుగు బాల్కనీ వైపు ఓసారి చూసి, ఆయన మెడ వంచి చెవిలో చెప్పింది: "నాకసలు తుమ్మే రాలేదు నాన్నా, బాత్రూంలో నువ్వు పదకొండోసారి తుమ్మేసరికి భయమేసి నేనే ఉత్తుత్తి తుమ్ము తుమ్మాను."