గంజి వరుసలో

వానలు ముఖం చాటేసిన ఏడు అడవిలో అందరికీ తిండి కరువైంది. ఎలుగుబంటి నడిపే హోటలుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పన్నెండేళ్ళుగా అక్కడ వంట చేస్తున్న ముళ్ళపందిని ఎలుగుబంటి పిలిచాడు.

"రేపట్నించి రావద్దక్కా, నేనే వండుకుంటాను" అన్నాడు.

ఆమె గరిటెలు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే హోటలు మూతపడింది. ఏనుగులు ధర్మానికి గంజి పోస్తున్నాయని విని, ఎలుగుబంటి సిగ్గు చంపుకుని వరుసలో నిలబడ్డాడు. అతని ముందున్నది ముళ్ళపందే. ఇద్దరూ గంజి పోయించుకుని పక్కపక్కనే కూర్చున్నారు.

ఎలుగుబంటి ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఛీ, ఉప్పే లేదు! ఎవరు వండారిది?" అని గట్టిగా అరిచాడు.

"మెల్లగా, తమ్ముడూ" అంది ముళ్ళపంది. "ఏనుగుల చెవిన పడితే ఆ వంటావిడ పని పోతుంది."